ఎనిమిదో నెలలో బీపీ 144/92: ఉప్పు మానేస్తే తగ్గుతుందా?

మీ ఆవిడకి ఎనిమిదో నెల, రెండుసార్లు చూసినా బీపీ 144/92, కాళ్ల వాపు. "టెన్షన్ వల్లే, ఉప్పు మానేస్తే సరిపోతుంది" అని మీ అమ్మగారు అంటున్నారు, నిజమేనా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. మా బాబు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇదే వచ్చింది, గుంటూరు కొత్తపేటలో చూపించుకున్నాను. ఇది ఉప్పుతో తేలే వ్యవహారం కాదండీ.

మామూలుగా గర్భంతో ఉన్నప్పుడు రక్తనాళాలు వదులవుతాయి, మధ్య నెలల్లో బీపీ కాస్త తగ్గుతుంది కూడా. మాయకి రక్తం తెచ్చే సన్నటి నాళాలైతే బాగా వెడల్పు కావాలి. కొందరిలో అవి కావు. రక్తం చాలని మాయ కొన్ని ప్రొటీన్లను తల్లి రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది, అవి నాళాల లోపలి పొరని దెబ్బతీస్తాయి. నాళం సాగాలన్నా, లోపలి నీరు బయటికి ఊరకుండా ఉండాలన్నా ఆ పొర బాగుండాలి. అది పాడైతే నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, ఒంటికి నీరు పడుతుంది, ప్రొటీన్ మూత్రంలో పోతుంది. దీన్నే ప్రీఎక్లాంప్సియా అంటారు. 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరితే యూరిన్ టెస్టు, రక్త పరీక్షలు రాసేది అందుకే. మీవాళ్లకి ఇంకా చేయించకపోతే రేపే వెళ్లండి.

ఆవకాయ తగ్గించమన్నారు గానీ ఉప్పు పూర్తిగా మానమని నాకెవరూ చెప్పలేదు. చప్పిడి కూడు తిని నీరసపడటం తప్ప లాభం లేదు. ఇంకోటి, ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే బీపీ మాత్ర పొరపాటున కూడా ఇవ్వొద్దు. టెల్మిసార్టాన్ లాంటివి కడుపులో బిడ్డ కిడ్నీలకి ప్రమాదం. నాకు లాబెటలాల్ ఇచ్చారు.

తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, ఉన్నట్టుండి ముఖం ఉబ్బడం, ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గడం: వీటిలో ఏదొచ్చినా, బీపీ 160/110 చూపించినా, అర్ధరాత్రయినా బయల్దేరండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే ఫిట్స్ రావచ్చు, మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది దాన్నే.

అసలు జాగ్రత్త పడాల్సింది కాన్పయ్యాక. మాయ బయటికి వస్తేనే జబ్బు దారిలో పడుతుంది, కానీ అదే రోజు కాదు. పుట్టింటికి వచ్చిన వారంలోనే నాకు తల పగిలిపోయేంత నొప్పి. చెవుల్లో దూది జారిపోయి గాలి తగిలిందని మా అమ్మ, పెద్దమ్మ కలిసి శొంఠి పట్టేశారు. మా వదిన మాత్రం మిషన్ తెచ్చి చేతికి కట్టింది: 168/108. ఆ రాత్రే మళ్లీ అడ్మిట్. శొంఠికీ నాకూ అప్పట్నుంచీ పడదు లెండి.

ఈ జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే ఆస్పిరిన్ గురించి కూడా అడిగారు. అది సాధారణంగా 16 వారాల లోపే మొదలుపెట్టాలి, ఇప్పుడు సొంతంగా వేయకండి. రెండో కాన్పు అనుకున్నప్పుడు డాక్టర్‌కి ఇదంతా ముందే చెప్పండి. ఈ జబ్బు వచ్చినవాళ్లకి తర్వాత బీపీ, గుండె జబ్బుల అవకాశం ఎక్కువ, అందుకే నేను ఏటా చూపించుకుంటున్నాను.

చేతికి కట్టే మిషన్ ఒకటి కొనండి, మణికట్టుది వద్దు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక చూసి, రోజూ పుస్తకంలో రాయండి. కాన్పయ్యాక పుట్టింటికి పంపేటప్పుడు బిడ్డ బట్టలతో పాటు ఆ మిషన్, పుస్తకం కూడా పంపండి.