ఓవర్‌డ్రాఫ్ట్‌కు ఒప్పుకునే ముందు

ప్రశ్న: నేను డాలస్‌లో ఎం.ఎస్. చదువుతూ, విశ్వవిద్యాలయంలోనే గంటల లెక్కన పనిచేస్తున్నాను. జీతం రెండు వారాలకొకసారి వస్తుంది. ఖాతాలో డబ్బు చాలకపోయినా చెల్లింపులు ఆగకుండా ఓవర్‌డ్రాఫ్ట్ రక్షణ తీసుకోమని బ్యాంకువారు అంటున్నారు. ఒప్పుకోవచ్చునా?
– ఒక విద్యార్థి, టెక్సస్

జవాబు: వారు చెబుతున్నది ఏ ఏర్పాటో ముందు అడిగి తెలుసుకోండి. మీ సేవింగ్స్ ఖాతాను చెకింగ్ ఖాతాకు (రోజువారీ చెల్లింపులకు వాడే ఖాతాకు) జతచేసి, తగ్గిన సొమ్మును అందులోంచి తెచ్చే పద్ధతి అయితే, బదిలీకి రుసుము లేనిచోట నిశ్చింతగా ఒప్పుకోవచ్చు. అది మీ డబ్బే. బ్యాంకు తన సొమ్ముతో చెల్లించి, ఒక్కొక్క లావాదేవీకి విడివిడిగా రుసుము వేసే పద్ధతి అయితే మాత్రం జాగ్రత్తపడాలి. అమెరికాలో ఈ రుసుము చాలాకాలం 35 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. 2022లో సిటీ బ్యాంకు దీన్ని ఎత్తివేసింది, బ్యాంక్ ఆఫ్ అమెరికా 10 డాలర్లకు తగ్గించింది. కానీ పాత స్థాయిలోనే వసూలు చేసే బ్యాంకులు ఇంకా ఉన్నాయి. పెద్ద బ్యాంకులు దీన్ని 5 డాలర్లకు తగ్గించుకునేలా 2024 డిసెంబరులో తెచ్చిన నిబంధనను, అమలుకు రాకముందే, 2025లో అమెరికా కాంగ్రెస్ రద్దు చేసింది.

6 డాలర్ల ఫలహారానికి 35 డాలర్ల రుసుము పడితే, గంటల లెక్కన సంపాదించే విద్యార్థికి అది రెండు మూడు గంటల కష్టం. అందుకే డెబిట్ కార్డు విషయంలో ఒప్పుకోవద్దని నా గట్టి సలహా. 2010 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, ఏటీఎంలోగాని దుకాణంలోగాని కార్డు వాడినప్పుడు మీ ముందస్తు అంగీకారం లేకుండా ఈ రుసుము వేయకూడదు. అంగీకరించకపోతే, ఖాతాలో డబ్బు చాలనప్పుడు ఆ కార్డు చెల్లింపు జరగదు, అంతకుమించి నష్టం లేదు. ఇదివరకే ఒప్పుకొని ఉన్నా, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

చెక్కులకు, నెలనెలా వాటంతటవే పోయే చెల్లింపులకు ఈ నిబంధన వర్తించదు. అద్దె చెక్కు తిరిగివస్తే ఇంటి యజమాని ఆలస్య రుసుము వేస్తాడు, కొన్నిచోట్ల చెక్కు తిరిగివచ్చినందుకు బ్యాంకూ వేస్తుంది, పైగా అద్దె ఒప్పందానికే చిక్కు రావచ్చు. అటువంటప్పుడు ఓవర్‌డ్రాఫ్ట్ నిజంగా ఆదుకుంటుంది. అయితే, సేవింగ్స్ జతచేయని ఖాతాలో ఆ చెక్కును చెల్లించాలా వద్దా అన్నది సాధారణంగా బ్యాంకు ఇష్టమే కనుక, దాన్నే నమ్ముకొని చెక్కు రాయకండి. అద్దెకు సరిపడే మొత్తాన్ని సేవింగ్స్‌లో విడిగా ఉంచి ఆ ఖాతాను జతచేయండి.

చాలామంది తడబడేది తెరపై కనిపించే నిల్వను చూసి. అందులో కనిపించేదంతా ఖర్చుపెట్టుకోగలిగినది కాకపోవచ్చు: పెట్రోలు బంకులో కార్డు పెట్టగానే కొంత మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా పక్కన నిలిపి ఉంచుతుంది, జమచేసిన చెక్కు సొమ్ము చేతికందడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. నిల్వ తగ్గగానే ఫోనుకు సందేశం వచ్చేలా ఇవాళే పెట్టుకోండి.

బాకీతో ఖాతాను వదిలేసి స్వదేశానికి రావడం అన్నిటికన్నా ప్రమాదకరం. బ్యాంకు ఖాతా మూసి, ఆ వివరాన్ని, ఖాతాదారుల పాత బ్యాంకు చరిత్రను నమోదుచేసే చెక్స్‌సిస్టమ్స్ సంస్థకు పంపితే అది ఐదేళ్ల వరకు నిలుస్తుంది; మళ్లీ అమెరికా వెళ్లినప్పుడు కొత్త ఖాతా తెరవడం కష్టమవుతుంది. బయల్దేరే ముందు బాకీ తీర్చి, ఖాతా మూసినట్టు బ్యాంకునుంచి రాతపూర్వకంగా తీసుకోండి.