చెరువుగట్టున పక్షులను లెక్కపెట్టే అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది విజయనగరం. బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి ప్రతి ఆదివారం పెద్ద చెరువు దగ్గర పక్షులను లెక్కపెట్టి పుస్తకంలో రాసుకొస్తోంది. విదేశాల్లో కాలేజీలు, మ్యూజియాలు ప్రజలతో కలిసి నగరాల్లోని జీవుల ఆవాసాలను కాపాడుతున్నాయని, తానూ ఆ పనే చేస్తానని అంటోంది. మేము బీఎడ్ అనుకున్నాం. ఇందులో బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: ఉంటుంది. అయితే పోస్టులు తక్కువ, మొదట్లో దొరికేవి ఎక్కువగా ఏడాదికో రెండేళ్లకో ముగిసే ప్రాజెక్టు ఉద్యోగాలు కనుక, ఆ సంగతి తెలిసే దిగాలి.

మీ అమ్మాయి చెప్పింది నిజమే. 2016లో లాస్ ఏంజెలెస్ నేచురల్ హిస్టరీ మ్యూజియం, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ కలిసి, తమ ఊళ్లలో కనిపించిన మొక్కలను, జీవులను ఫొటోలు తీసి నమోదు చేయమని పౌరులకు పోటీ పెట్టాయి. 2018 నాటికి అది ఇతర దేశాల నగరాలకూ పాకింది. మన దగ్గర టెక్కలి దగ్గరి తేలినీలాపురం గ్రామస్థులు ఏటా వచ్చే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను ఇంటి చుట్టాల్లా చూసుకుంటున్నారు. ఆ ఆదరణకు శాస్త్రీయమైన నమోదు తోడైతేనే ఆవాసం నిలుస్తుందని నా నమ్మకం.

మ్యూజియం కోసం ఆమె దూరం వెళ్లనక్కర్లేదు. కాలేజీల జువాలజీ విభాగాల్లో సాధారణంగా చనిపోయిన జీవులను చెడిపోకుండా ఫార్మలిన్ ద్రవంలో ఉంచిన సీసాల గది ఒకటి ఉంటుంది. ఆ సీసాల మీద జీవి పేరు ఉన్నా, అది ఏ చెరువులో, ఏ తేదీన దొరికిందో లేకపోతే పాఠం చెప్పడానికి తప్ప చెరువును కాపాడటానికి పనికిరాదు. అధ్యాపకుల అనుమతితో ఆ వివరాలను సేకరించి, పెద్ద చెరువు జీవుల పట్టిక ఒకటి తయారు చేయడాన్ని డిగ్రీలోని కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుగా తీసుకోవచ్చేమో అడగమనండి. చెరువులో గుర్రపుడెక్క పెరిగితే తొలగించాలని అందరూ కోరతారు. కానీ వానాకాలంలో నీటికోళ్లు దట్టమైన నీటిమొక్కల మధ్యే గూళ్లు కడతాయి కనుక, యంత్రంతో ఒక్కసారిగా తోడేస్తే గుడ్లూ దాంతోపాటే పోతాయి. ఏ మూలను ఎప్పుడు వదిలేయాలో చెప్పగలిగేది ఏడాది పొడవునా రాసిన పుస్తకం, రోజూ వల వేసేవారి అనుభవం. వారితో కూర్చుని మాట్లాడటం కూడా ఈ వృత్తిలో భాగమే.

పీజీకి డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో వన్యప్రాణి శాస్త్రం ఉంది, సీట్లు కొద్దే. మ్యూజియం వైపు మొగ్గితే బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో 1952 నుంచి మ్యూజియాల నిర్వహణ నేర్పే మ్యూజియాలజీ విభాగం నడుస్తోంది. సెలవుల్లో భువనేశ్వర్‌లోని ప్రాంతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం చూపించండి. విజయనగరం నుంచి నేరుగా రైలుంది. జువాలజీ డిగ్రీతో యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షా రాయవచ్చు. బీఎడ్ కూడా వృథా కాదు, పిల్లలకు ప్రకృతిని వివరించగలవారు మ్యూజియాలకు కావాలి.

డిగ్రీ పూర్తయ్యేదాకా బీఎడ్ నిర్ణయం ఆపండి. ఈ ఆదివారం మీరూ ఆమెతో గట్టుకు వెళ్లి, ఆ పుస్తకంలో తేదీ, సమయం, స్థలం, లెక్క క్రమం తప్పకుండా ఉన్నాయేమో చూసి, మళ్లీ రాయండి.