తడిసిన పత్తి: రైతు లెక్క, కూలి లెక్క

ప్రశ్న: వానలకు తడిసిన పత్తిని సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) కేంద్రానికి తీసుకెళ్తే తేమ ఎక్కువుందని తిప్పి పంపారు. 8 శాతం వచ్చేదాకా ఆరబెట్టాలా?
– ఒక రైతు, పరకాల

జవాబు: అంత అక్కర్లేదు. సీసీఐ 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోస్తుంది, 12 దాటితే కొనదు. 2025–26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు రూ.8,110. 12 శాతం తేమ దగ్గర అది రూ.7,785.60 అవుతుంది. అదే క్వింటాను 8 శాతానికి ఎండబెడితే సుమారు నాలుగు కిలోల బరువు పోతుంది కాబట్టి, పూర్తి ధర పలికినా మొత్తం మీద చేతికొచ్చేది దాదాపు అంతే. అసలు దెబ్బ 12 దాటినప్పుడే. సరుకు వెనక్కి వస్తుంది, బండి కిరాయి దండగ, తర్వాత ప్రైవేటు వ్యాపారి చెప్పిందే ధర. తేమ 10–11 శాతం దగ్గర ఆరబెట్టడం ఆపండి. సరిగ్గా 12తో బయల్దేరితే కేంద్రం ముందు రాత్రి వరుసలో మంచు పట్టి తేమ కొలిచే మిషన్‌లో ఎక్కువ చూపిస్తుంది.

టార్పాలిన్ మీద నాలుగు వేళ్ల మందానికి మించకుండా పరచి, గంటకోసారి తిరగేయండి. పొద్దు గూకకముందే ఎత్తేయాలి. పైకి పింజ ఆరినట్టే ఉంటుంది, గింజలో తేమ మిగులుతుంది. కుప్ప పోయగానే ఆ తేమ మళ్లీ పింజకెక్కి, వేడెక్కి పత్తి పసుపు తిరుగుతుంది. గింజ కొరికితే టక్కున విరగాలి, మెత్తగా నలిగితే ఇంకా ఆరలేదన్నమాట. యూరియా సంచుల్లో నింపొద్దు, ప్లాస్టిక్ పోగులు పింజలో కలుస్తాయి. అన్నిటికంటే చేటు చేసేది మొదటి ఏరుడు పొడి పత్తిలో తడి పత్తి కలపడం. బాగున్నది కూడా దాంతోపాటే తిరిగొస్తుంది.

చేనులో నిలిచిన నీళ్లు తీశాక పొటాషియం నైట్రేట్ లీటరుకు 10 గ్రాములు పిచికారీ చేయండి. కాయకుళ్లు కనిపిస్తే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు విడిగా కొట్టాలి.

ప్రశ్న: ఈ వానలన్నీ వాతావరణ మార్పు వల్లేనా?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఫలానా వాన దానివల్లేనని ఊరికే అనలేం, ఒక్కోదానికి విడిగా శాస్త్రీయ లెక్క కట్టాలి. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు, కాబట్టి పడితే కుండపోతగా పడే అవకాశం పెరుగుతుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 2023 జులైలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వరంగల్, హనుమకొండలను ముంచింది సరిగ్గా పత్తి ఏరే రోజుల్లోనే. పంట నష్టం లెక్క రాస్తారు, పోయిన కూలి దినాలకు మాత్రం ఏ రిజిస్టరూ ఉండదు.

ప్రశ్న: కిలో లెక్కన పత్తి ఏరుతాం. వానల తర్వాత రోజంతా ఒంగినా సగం కూలి కూడా పడట్లేదు. ఏం చేయాలి?
– ఒక కూలీ, నర్సంపేట

జవాబు: మీ లెక్క నిజమే. మంచు ఆరేదాకా, అంటే దాదాపు పది గంటల వరకు, చేనులో దిగకూడదు. తడి కాయలు సరిగా విచ్చుకోవు, చెయ్యి సాగదు. రైతేమో తడి బరువని కిలోల్లో కోత పెడతాడు. అందుకే వాన తగిలిన ఏరుడుకు కిలో రేటు వద్దు, రోజు కూలి అడగండి. కుదరకపోతే చేనులో కాలు పెట్టకముందే రేటు పెంచి మాట్లాడుకోండి. తూకం సాయంత్రం చేను దగ్గరే, మీ కళ్లముందే జరగాలి. మంచి పత్తి ఒక ఒడిలో, మచ్చపడ్డది ఇంకో సంచిలో ఏరితే రైతుకు ధర నిలుస్తుంది. ఆ వేరుచేసే పనికి అదనంగా అడగడం న్యాయమే. అలా అడిగేటప్పుడు గుంపుగా, ముఠా మేస్త్రీతో కలిసి వెళ్లండి.