‘ఇల్లుకి పోతున్న’ అని ఎందుకంటున్నారు?

సందేహం: హనుమకొండలో పనికొచ్చిన హిందీ మాట్లాడేవాళ్లకు సాయంత్రాలు తెలుగు చెప్తున్నాను. విభక్తుల పట్టిక అంతా రాయించినా ‘ఇల్లుకి పోతున్న’, ‘చెయ్యిలో ఉంది’, ‘నా యొక్క ఊరు’ అంటున్నారు. పట్టిక మళ్లీ మొదటి నుంచి చెప్పాలా? ‘పోతున్న’ అనడం తప్పా?

సమాధానం: పట్టిక ఇప్పుడే వద్దు. వాళ్లకు ప్రత్యయం వచ్చింది. దానికి ముందు మాట మారుతుందన్నదే ఇంకా అందలేదు. హిందీలో ‘లడ్కా’కు ‘కో’ చేరితే ‘లడ్కేకో’ అవుతుంది కదా, అది గుర్తుచేయండి, వెంటనే పట్టుకుంటారు. తెలుగులో ఇలా వచ్చే ఇ, టి, తి వర్ణాలను వ్యాకరణం ఔపవిభక్తికాలంటుంది. ఆ పేరు మీకు తెలిస్తే చాలు, వాళ్లకు అక్కర్లేదు.

నోట్‌బుక్కులో ప్రతి మాటనూ జతగా రాయించండి: ఇల్లు–ఇంటి, కన్ను–కంటి, నోరు–నోటి, చెయ్యి–చేతి, రాయి–రాతి, కాలు–కాలి, ఊరు–ఊరి. పూటకు ఐదు జతలు మించొద్దు. మొదట ‘ఇంటి తలుపు’, ‘ఊరి చెరువు’ అనిపించండి. ‘యొక్క’ అవసరం అక్కడే తీరిపోతుంది. ఆ తర్వాతే ఇంటికి, ఇంట్లో, ఇంటి నుంచి. ఒక్క రూపం వస్తే ఇన్ని వస్తాయి.

కి, కు తేడా కూడా ఇక్కడే తేలుతుంది. ప్రత్యయం ముందు ఇకారం ఉంటే ‘కి’, లేకపోతే ‘కు’: భూపాలపల్లికి, భద్రకాళి గుడికి; కాజీపేటకు, ములుగుకు, ఎనుమాముల మార్కెట్‌కు. ‘పుస్తకం’ కూడా ‘పుస్తకాని’ అయ్యాకే ‘పుస్తకానికి’ అవుతుంది. నీకు, మీకు మాత్రం ఈ లెక్కకు లొంగవు, విడిగా కంఠస్థం చేయించండి. ‘కాజీపేటకి’ అనేవాళ్లూ ఉన్నారు, అది తప్పు కాదు. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు రెండు దారులు ఒకేసారి చూపొద్దు.

ఇల్లు–ఇంటి బాగా వచ్చాక ఇంకో చిక్కు మొదలవుతుంది: ‘బిల్లు’ను కూడా ‘బింటి’ చేస్తారు. కరెంటు బిల్లుకు మార్పు లేదు. ‘పన్ను’ అయితే మరీ జాగ్రత్త. నోట్లో ఉన్నదైతే పంటికి, మున్సిపాలిటీకి కట్టేదైతే పన్నుకు. అందుకే మాటను ఒంటరిగా ఇవ్వకుండా ‘పంటి నొప్పి’, ‘ఇంటి పన్ను’ అని వాక్యంలో పెట్టి ఇవ్వాలి. బహువచనం తేలిక: ఇండ్లు–ఇండ్లకు, కండ్లు–కండ్లకు. ‘లు’ పోయి ‘ల’ వస్తుంది, అంతే.

‘పోతున్న’ తప్పు కానే కాదు. వాళ్లు దుకాణంలో, ఆటోలో వినేది అదే. ‘ఇంట్ల ఉన్న’ కూడా అంతే. మాట్లాడేటప్పుడు వాటిని దిద్దకండి. అర్జీ రాయడం నేర్పేనాడు ‘పోతున్నాను’, ‘ఇంట్లో ఉన్నాను’ పక్కన పెట్టి చూపండి. దిద్దాల్సింది ‘ఇల్లుకి’, ‘చెయ్యిలో’ లాంటివే, ఎందుకంటే అక్కడ ప్రత్యయానికి ముందు మాట మారలేదు.