ట్రాక్ మీద ఏబీఎస్: ఉంచాలా, తీసెయ్యాలా?

ప్రశ్న: ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు తిరగడం ఆగి జారిపోకుండా చూసే వ్యవస్థ) ఫ్యూజు పీకేస్తే కారు ఇంకా తక్కువ దూరంలో ఆగుతుందనీ, ల్యాప్ టైమ్ తగ్గుతుందనీ ట్రాక్ మీద తోటివాళ్లు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: అందులో నిజం కొంత ఉంది. పొడి తారు మీద టైరు పట్టు అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది, కారు వేగానికి చక్రం సుమారు 10 నుంచి 20 శాతం వెనకబడి తిరుగుతూ కాస్త జారుతున్నప్పుడు. పాదంతో పెడల్‌ను సరిగ్గా ఆ అంచున నిలపగలిగినవాడు, తిన్నటి దారిలో, ఏబీఎస్ కన్నా కొద్దిగా ముందే ఆపగలడు. ఏబీఎస్ ఒత్తిడిని వదులుతూ, మళ్లీ పెంచుతూ ఆ అంచుకు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఆ తేడా.

కానీ ట్రాక్ అంతా తిన్నగా ఉండదు. బ్రేక్ మీద పాదం ఉంచుతూనే మలుపులోకి తిప్పితే లోపలివైపు చక్రం మీద బరువు తగ్గి, అదే ముందు లాక్ అవుతుంది, అంటే తిరగడం ఆగి జారుతుంది. ఏబీఎస్ ఆ ఒక్క చక్రానికే ఒత్తిడి తగ్గించగలదు. మీకున్నది ఒకే పెడల్, తగ్గిస్తే అన్నిటికీ తగ్గుతుంది. అందుకే జీటీ3 రేసు కార్లలో ఏబీఎస్ ఉంటుంది, అది ఎంత జోక్యం చేసుకోవాలో డ్రైవరు నాబ్‌తో మార్చుకుంటాడు. ఫార్ములా వన్‌లో 1994 నుంచి నిషేధించింది అది పనికిరాదని కాదు, డ్రైవరు నైపుణ్యానికి చోటు ఉండాలని.

ఫ్యూజు పీకడంలో అసలు ప్రమాదం వేరే ఉంది. ఇప్పటి చాలా కార్లలో వెనక చక్రాలకు ఎంత ఒత్తిడి వెళ్లాలో చూసే ఈబీడీ కూడా ఏబీఎస్ యూనిట్‌లోనే పనిచేస్తుంది. బ్రేక్ వేయగానే బరువు ముందుకు వెళ్లి వెనక టైర్లు తేలికవుతాయి. ఈబీడీ లేకపోతే అవే ముందు లాక్ కావచ్చు. ముందు చక్రాలు లాక్ అయితే కారు తిన్నగా జారిపోతుంది, వెనకవి లాక్ అయితే గిర్రున తిరిగిపోతుంది. దయచేసి ఆ ఫ్యూజు జోలికి వెళ్లకండి. ఏబీఎస్ ఉంచుకునే, అది మొదలయ్యే చోటుకు ఒక వెంట్రుకవాసి ముందు ఆగడం సాధన చేయండి: పెడల్ పాదం కింద దడదడలాడగానే కాస్త సడలించండి, ఆ దడ ఆగిపోగానే పాదాన్ని అక్కడే పట్టండి.

ప్రశ్న: ఎగుడుదిగుడుగా ఉన్న చోట గట్టిగా బ్రేక్ వేస్తే పెడల్ రాయిలా బిగుసుకుని కారు ఆగడం లేదు. బూస్టర్ పోయిందా?

జవాబు: ముందు బూస్టర్‌ను, అంటే పాదం బలాన్ని పెంచి బ్రేక్‌కు అందించే భాగాన్ని, చూసుకోండి. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, తొక్కిపట్టే స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టే.

అప్పుడు చాలావరకు ఇది డ్రైవర్లు 'ఐస్ మోడ్' అనేదే. గతుకు మీద చక్రం గాల్లోకి లేచి, బ్రేక్ పట్టుకి క్షణంలో ఆగిపోతుంది. అంత హఠాత్తుగా ఆగిందంటే కింద మంచు ఉందనుకుని కంప్యూటర్ ఒత్తిడిని బాగా తగ్గించేస్తుంది. ఇంకా గట్టిగా తొక్కినా లాభం లేదు. పాదం సడలించి మళ్లీ తొక్కాలి, భయంలో చేయడం కష్టమే.

పెడల్‌ను ఒక్కసారిగా తన్నడం దీనికి పెద్ద కారణం. బరువు ముందు టైర్ల మీదికి చేరకముందే పూర్తి ఒత్తిడి పడుతుంది. తొలి క్షణం పిండినట్టు నొక్కి, బరువు దిగాక పూర్తిగా తొక్కండి. గతుకులు దాటాకో, వాటికి ముందో బ్రేక్ వేయండి. కారుతో వచ్చిన టైర్లకు సరిపడేలా అమర్చిన ఏబీఎస్ మీద గాడులు తక్కువగా, పట్టు ఎక్కువగా ఉండే సెమీ స్లిక్ టైర్లు, తాకగానే కరిచే ప్యాడ్లు కలిస్తే ఇబ్బంది పెరుగుతుంది. ముందూ వెనకా టైర్ల వ్యాసాల నిష్పత్తి మార్చినా ఏబీఎస్ లెక్కలు తప్పుతాయి.

ప్రశ్న: కంకర దారిలో ఏబీఎస్ ఉన్న కారు ఆలస్యంగా ఆగుతుందా?

జవాబు: అవును. లాక్ అయిన చక్రం తన ముందు కంకరను గుట్టగా పోగేసుకుని దానికే ఆనుతుంది. ఏబీఎస్ ఆ గుట్టను పేరనివ్వదు. అయితే స్టీరింగ్ మాట వినేది ఏబీఎస్ ఉంటేనే.

ప్రశ్న: కొన్ని ల్యాపుల తర్వాత పెడల్ మెత్తగా కిందికి దిగిపోతోంది. ఏబీఎస్ లోపమా?

జవాబు: కాకపోవచ్చు. పెడల్ మెత్తబడితే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు చేరినట్టు. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు కాగిపోయినట్టు. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 5.1కు ఇవి 260, 180. పేరు దగ్గరగా ఉందని సిలికాన్‌తో చేసే డాట్ 5 పోయకండి, ఏబీఎస్ ఉన్న బండికి అది సరిపడదు. ఆయిల్ మార్చి గాలి తీశాక కూడా పెడల్ మెత్తగానే ఉంటే గాలి ఏబీఎస్ యూనిట్ లోపల చిక్కి ఉండొచ్చు. స్కాన్ టూల్‌తో అందులోని వాల్వులను తెరిపించి మళ్లీ గాలి తీయించండి.