పండక్కి ఊరెళ్లొస్తే పది రోజులు నిద్ర పాడు!

ప్రశ్న: డాక్టరమ్మగారూ, నమస్కారం. మేం కూకట్‌పల్లిలో ఉంటాం. అత్తగారిది భీమవరం దగ్గర పల్లె. ఏటా సంక్రాంతికి కారులో వెళ్తాం. అక్కడున్న నాలుగు రోజులూ నిద్రకో వేళంటూ ఉండదు. రాత్రి రెండింటి దాకా పేకాట, కబుర్లు. భోగినాడు నాలుగింటికే లేవాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ సాయంత్రం దాకా పడకేస్తారు. పిల్లలంతా హాల్లో వరసగా పడుకుంటారు. పక్కగదిలోంచి మామగారి గురక. మధ్యలో ఆగిపోయి, ఒక్కసారిగా పెద్ద చప్పుడుతో మళ్లీ మొదలవుతుంది. అది విని పిల్లలు నవ్వుకుంటారు. తిరిగొచ్చాక మా బాబు (14), పాప (9) పొద్దున స్కూలుకి లేవరు. కుదుటపడేసరికి పది రోజులు. పోయినేడు వస్తుంటే సూర్యాపేట దాటాక మావారికి డ్రైవింగ్‌లోనే కునుకు పట్టింది. కారు డివైడర్‌కి రాసుకుని ఆగింది కాబట్టి సరిపోయింది. ప్రయాణంలో పిల్లలకు చెంచాడు దగ్గుమందు పడితే హాయిగా పడుకుంటారని మా తోడికోడలు అంటోంది. పట్టొచ్చా? పనుల వల్ల నాకూ సరిగా నిద్ర ఉండదు.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: దగ్గుమందు సంగతి ముందు తేల్చేద్దాం అమ్మా. వద్దు. చాలా దగ్గుమందుల్లో మత్తు తెచ్చేది అలర్జీకి వాడే మందు. దగ్గు లేని పిల్లకి నిద్ర కోసం అది పట్టకూడదు. పైగా కొందరు పిల్లల్లో అది తిరగబడుతుంది. నిద్రపోవడం మాట అటుంచి, కారు సీట్ల మీద గంతులేస్తారు.

ఇక అసలు విషయం. నేనూ కోనసీమ పిల్లనే. పండగ రోజుల్లో రాత్రి పదింటికి దీపాలార్పేయమని రాస్తే మీరు పత్రిక మూసేస్తారు. మీ స్థానంలో ఉంటే నేనూ అదే పని చేస్తాను. అందుకని పడుకునే వేళ మీద ఆ నాలుగు రోజులు పట్టుబట్టకండి. లేచే వేళని మాత్రం వదలకండి. మన మెదడులో ఉండే గడియారం చాలామందిలో 24 గంటల కంటే కాస్త ఎక్కువ సేపు తిరుగుతుంది. దాన్ని వెనక్కి జరపడం తేలిక, ముందుకు లాగడం కష్టం. అందుకే రెండింటి దాకా మెలకువగా ఉండటం ఎవరికీ నేర్పక్కర్లేదు. ఆ గడియారాన్ని మళ్లీ దారికి తెచ్చేది పొద్దుటి వెలుతురు. రాత్రి ఒంటిగంటకి పడుకున్న పిల్లల్ని తలుపులేసి పదింటి దాకా పడుకోనిస్తే ఆ వెలుతురు వాళ్లకి అందదు. ఎంత ఆలస్యంగా పడుకున్నా ఏడున్నరకల్లా అరుగు మీద ఉండాలి. మీ బాబుకి ఎనిమిది నుంచి పది గంటలు, పాపకి కనీసం తొమ్మిది గంటలు నిద్ర కావాలి కాబట్టి ఇలా నడిచేది పండగ వరకే. పద్నాలుగేళ్ల వయసులో గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది. పొద్దున లేవలేకపోతే వాణ్ని బద్ధకస్తుడని తిట్టకండి.

ఆ లెక్కన భోగి మనకు మేలు చేసే రోజే. చిక్కంతా మంట చల్లారాక మళ్లీ దుప్పటి కప్పుకోవడంతో వస్తుంది. సంక్రాంతి రోజుల్లో సూర్యుడు వచ్చేసరికి ఆరున్నర దాటుతుంది. అందాకా తలంట్లు, ముగ్గులు, గొబ్బెమ్మలు ఉండనే ఉన్నాయి. మా ఊళ్లో హరిదాసు చిడతల చప్పుడు వినగానే బియ్యం దోసిట్లో పట్టుకుని వీధిలోకి పరిగెత్తేవాళ్లం. ఎండలో ఎందుకు నిలబడాలో మాకెవరూ చెప్పలేదు గానీ, నిలబడేవాళ్లం.

మధ్యాహ్నం కునుకు అరగంట చాలు, అదీ మూడు లోపల. అలారం పెట్టి లేపండి, తిట్టుకుంటే తిట్టుకోనీండి. సాయంత్రం ఐదింటి దాకా పడుకున్నవాణ్ని రాత్రి పదింటికి నిద్రపొమ్మనడం, కడుపు నిండినవాడికి విస్తరెయ్యడమే. సాయంత్రం ఆరు దాటాక కాఫీ ఆపండి. తాగిన నాలుగైదు గంటలకి కూడా దాని సత్తువ సగం ఒంట్లోనే ఉంటుంది.

మీ ఉత్తరంలో అందరి నిద్ర గురించీ ఉంది. మీ నిద్ర గురించి చివర్లో ఒక్క వాక్యం. అర్ధరాత్రి దాకా అరిసెలు, నాలుగింటికి భోగిమంట, మగవాళ్లు పడకేసిన వేళ అంట్లు, వాళ్లు లేచేసరికి టీలు. జనవరి ఆఖరి వారంలో నా దగ్గరికి తలనొప్పి, కడుపులో మంట అంటూ వచ్చే ఆడవాళ్ల కథ ఏటా ఇదే. పిండివంటలు మీరు వెళ్లే లోపే చేయించి పెట్టమనండి. చేసిపెట్టేవాళ్లు ఇప్పుడు ఊళ్లలో దొరుకుతున్నారు. ఒకరోజు పొద్దుటి కాఫీలు, టిఫిన్లు మీవారికీ మీ మరుదులకీ అప్పగించండి. మీ దిండు, దుప్పటి వెంట తీసుకెళ్లండి. కొత్తచోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం పూర్తిగా నిద్రపోదని 2016లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు చూశారు. ఈ జవాబు అత్తగారికి చూపించాలనుకుంటే ఈ పేరా మడిచి చూపించండి.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది సూర్యాపేట. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ మర్నాడు మాత్రం కార్లన్నీ ఒక్కసారే కదులుతాయి. పంతంగి టోల్ దగ్గర రద్దీ తప్పించుకుందామని చాలామంది రాత్రి భోజనం చేసి బయల్దేరతారు. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య, ఎంత అనుభవం ఉన్న డ్రైవర్‌కైనా కన్ను మూతపడే వేళ. రాత్రి పడుకుని పొద్దున ఆరింటికి బయల్దేరండి, రద్దీలో రెండు గంటలు పోతే పోనీండి. కారు నడిపేవాళ్లకి ముందురోజు రాత్రి పేకాట లేదు, మందు అసలే లేదు. మందు త్వరగా నిద్ర పట్టిస్తుంది గానీ తెల్లవారుజామున నిద్రని ముక్కలు చేస్తుంది. దారిలో వరసగా ఆవులింతలు వచ్చినా, గడిచిన రెండు కిలోమీటర్లు గుర్తు లేకపోయినా ఆపేయాలి. ఏసీ పెంచడం, పాటలు పెట్టడం పనిచేయవు. దాబా దగ్గర ఆపి, కాఫీ తాగి, వెంటనే సీటు వాల్చుకుని ఇరవై నిమిషాలు పడుకోమనండి. లేచేసరికి కాఫీ పని మొదలెడుతుంది. అయినా తూగుతుంటే ఇక నడపకూడదు. స్కూలు తెరిచే ముందురోజు ఉదయానికల్లా ఇంట్లో ఉండేలా చూసుకోండి.

ఇంకొకటి. మామగారి గురక నవ్వులాట కాదు. మధ్యలో ఆగిందంటే ఊపిరి ఆగుతోందేమో చూడాలి. దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. బీపీకి, గుండెకి మంచిది కాదు. పగలు కూర్చున్నచోటే తూగుతున్నారేమో గమనించండి. ఈసారి ఆయన నిద్రపోయాక మీవారిని ఫోన్‌లో ఐదు నిమిషాలు వీడియో తీయమనండి. ఆయన్ని ఛాతీ డాక్టర్‌కో, చెవి ముక్కు గొంతు డాక్టర్‌కో చూపించేటప్పుడు అది పట్టుకెళ్లండి.