మలం నల్లగా వస్తోందా? చేతి సంగతి తర్వాత, ముందు ఆ మాత్రలు ఆపండి

ప్రశ్న: నా వయసు 29. నాలుగేళ్లుగా ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్ కిచెన్‌లో పనిచేస్తున్నాను. ఈ మధ్య ఆర్డర్లు తీసుకునే కియోస్కులు, బుట్టను తనంతట తానే నూనెలోకి దించి పైకి తీసే ఫ్రయర్ పెట్టారు. షిఫ్టుకు ఐదుగురం ఉండేవాళ్లం, ఇప్పుడు ముగ్గురమే. మూడు నెలలుగా రాత్రిళ్లు కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. రోజూ డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర వేసుకుంటున్నాను, నొప్పి ఎక్కువైతే రెండు. గ్యాస్‌కి ఇంకో మాత్ర. మొన్న రెండుసార్లు మలం నల్లగా వచ్చింది, మాత్రల వల్ల రంగు మారిందనుకున్నాను. వారం కిందట ముంజేతి మీద నూనె చిందితే టూత్‌పేస్ట్ రాశాను. మిగతా పనులకూ మెషిన్లు వస్తాయంటున్నారు. అప్పటిదాకా ఓపిక పడితే చెయ్యి బాగవుతుందా? ఉద్యోగం మానేయాలా?

సమాధానం: మీరు అడిగింది చేతి గురించి. నాకు భయమేసింది మాత్రం మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన నల్ల మలం గురించి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడి, లోపల్లోపలే రక్తం కారవచ్చు. ఆ రక్తం జీర్ణమై బయటికొచ్చేటప్పుడు తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో ఉంటుంది. ఐరన్ మాత్రలు వాడేవాళ్లకీ మలం నల్లబడుతుంది. మీరు వాడుతున్నట్టు రాయలేదు. చూడకుండా ఇదే జబ్బని తేల్చలేను కానీ, ఆ నొప్పి మాత్ర ఈ రోజే ఆపండి, ఈ రోజే డాక్టర్‌కి చూపించుకోండి. కళ్లు తిరిగినా, గుండె దడగా ఉన్నా, వాంతిలో రక్తం గానీ కాఫీ పొడి లాంటి పదార్థం గానీ కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. రక్తం ఎంత ఉందో, కిడ్నీలు ఎలా ఉన్నాయో పరీక్ష చేస్తారు. నోటి ద్వారా సన్నని కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూసే ఎండోస్కోపీ అవసరం పడవచ్చు.

గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాం కదా అనే ధీమా చాలామందిలో చూస్తున్నాను. అది ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. పైగా వేడి కిచెన్‌లో ఎనిమిది గంటలు చెమట కారుతూ, బాత్రూమ్‌కి వెళ్లే తీరిక లేదని నీళ్లు తాగడమే మానేసేవాళ్లు ఈ మాత్రలు వేసుకుంటే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. మీరూ అలాగే చేస్తుంటే మానుకోండి. పారాసిటమాల్ విషయంలోనూ జాగ్రత్త. పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది కాబట్టి తెలియకుండానే లెక్క పెరిగిపోతుంది. చీటీ లేకుండా మెడికల్ షాపులో మూడు నెలలు మాత్రలు కొనుక్కున్నారు, ఒక్కసారైనా డాక్టర్ దగ్గరికి వెళ్లాలనిపించలేదా? కోప్పడుతున్నానని అనుకోవద్దు. ఇలా వచ్చేవాళ్లని చూసి చూసి చెబుతున్నాను.

ఇక చెయ్యి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, వాటి పక్క వేలులో సగం తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే కాస్త హాయిగా ఉంటోందంటే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అని అనుమానించాలి. మణికట్టు దగ్గర నరం నలిగిపోవడం అన్నమాట. రెండు చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, మణికట్లు కిందికి వంచి ఒక నిమిషం ఉంచండి. వేళ్లు జివ్వుమంటే అనుమానం బలపడుతుంది. డాక్టర్ నరాల పరీక్ష రాయవచ్చు. షుగర్, థైరాయిడ్ కూడా చూడాలి, అవీ ఇందుకు కారణమవుతాయి. ముందే పట్టుకుంటే రాత్రిపూట మణికట్టు నిటారుగా ఉండేలా స్ప్లింట్ కట్టుకోవడంతోనే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే ఇంజెక్షన్, చిన్న ఆపరేషన్. బొటనవేలి మొదట్లో కండ కరిగిపోయేదాకా ఆగితే పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అందుకే మెషిన్ వచ్చేదాకా ఆగుతాననడం నాకు నచ్చలేదు.

ఆ మెషిన్‌తో చేతికి విశ్రాంతి దొరుకుతుందన్న నమ్మకం కూడా నాకు లేదు. బుట్ట ఎత్తే బరువు తగ్గుతుంది, నిజమే. గడ్డకట్టిన ప్యాకెట్లు చించి పోయడం, నూనె వడకట్టడం, డ్రమ్ములు రుద్దడం మనిషికే మిగులుతాయి. వెనకటికి కౌంటర్ దగ్గర కస్టమర్ ఏం కావాలో తేల్చుకునేలోపు కిచెన్‌లో అర నిమిషం చెయ్యి ఊరుకునేది. నాలుగు కియోస్కుల నుంచి ఒకేసారి ఆర్డర్లు పడి స్క్రీన్ మీద టైమర్ ఎర్రబడుతుంటే ఆ అర నిమిషం పోయింది. ముగ్గురిలో ఒకరు రోజంతా చుట్టడం, నొక్కడం చేస్తే ఆ మణికట్టే అరిగేది.

ఉద్యోగం మానమని నేను చెప్పను, అది మీ ఇంటి పరిస్థితి తెలిసిన మీరే తేల్చుకోవాలి. గంట రెండు గంటలకోసారి పని చోటు మార్చమని, మణికట్టు బాగా వంచే పని తగ్గించమని డాక్టర్ చేత లెటర్ రాయించుకుని మేనేజర్‌కి ఇవ్వండి. నోటిమాట కన్నా కాగితానికి విలువ ఎక్కువ.

కాలిన చోట టూత్‌పేస్ట్ వద్దు. ఫ్రయర్ నూనె 180 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, తుడిచేసినా చర్మం లోపల వేడి ఉండిపోతుంది. ఇకముందు చిందితే వెంటనే 20 నిమిషాలు కుళాయి ధార కింద పెట్టండి, ఐస్ పెట్టకండి. ఇప్పుడు ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా చూపించండి, టెటనస్ ఇంజెక్షన్ సంగతీ అడగండి.

వెళ్లేటప్పుడు వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ఏవి, ఎన్ని మింగారో దాచకుండా చెప్పండి.